ఈస్ట్‌తో సీబీడీ, సీబీజీ తయారీ గిట్టుబాటవుతుందా? నాచుతో?

లెక్కలపుస్తకం

ఈస్ట్‌లో కన్నబినాయిడ్లు (గంజాయి జాతి మొక్కలో దొరికే సీబీడీ, సీబీజీ లాంటి పదార్థాలు) తయారుచేస్తామంటున్న ఒక సంస్థ ప్రెజెంటేషన్ మీద సాంకేతిక అంచనా రాయాలి. అందులో ముఖ్యంగా మూడు మాటలున్నాయి. ఒకటి, కిలో వెయ్యి డాలర్ల లోపు ఖర్చుతో సీబీడీ. రెండు, "లీటరుకు రెండంకెల గ్రాముల" దిగుబడి. మూడు, రెండో దశలో ఈస్ట్ బదులు నాచు, కాబట్టి చక్కెర ఖర్చు కూడా ఉండదట. ఈ మూడింట్లో ఏది నమ్మవచ్చు, ఏది నమ్మకూడదు? వ్యాపారం వైపు లెక్క నాకు వచ్చు. కణం లోపల ఏం జరుగుతుందో, ఫెర్మెంటర్ (పులియబెట్టే ట్యాంకు) దగ్గర ఏం చెడుతుందో తెలిసినవాళ్లు చెప్పండి.

బుడగలపీపా

మొదటి మాటతోనే మొదలుపెడదాం. కిలో వెయ్యి డాలర్లు అన్నది 2018 నాటి లక్ష్యం. ఆ ఏడాది సెప్టెంబరులో జన్యుమార్పిడి సూక్ష్మజీవులు తయారుచేసే గింక్గో బయోవర్క్స్, గంజాయి ఉత్పత్తుల సంస్థ క్రోనోస్ కుదుర్చుకున్న ఒప్పందంలో ఉన్న అంకె అదే: 200 లీటర్లకు పైబడిన స్థాయిలో కిలో వెయ్యి డాలర్ల లోపు. అప్పుడు అది గొప్ప లక్ష్యం. అమెరికాలో హెంప్ (మత్తు దాదాపు లేని గంజాయి రకం) సాగును చట్టబద్ధం చేసిన ఫార్మ్ బిల్లు 2018 డిసెంబరులో వచ్చింది, శుద్ధ సీబీడీ టోకు ధర ఇంకా వేల డాలర్లలో ఉంది. తర్వాత రైతులందరూ అదే వేశారు. రెండు మూడేళ్లలో ధర వందల్లోకి పడిపోయింది. మొక్క సరుకే వందల్లో దొరుకుతుంటే వెయ్యి లోపు అని చెప్పడం ఇప్పుడు గొప్పేమీ కాదు.

ఇలాంటిది ఇంతకుముందూ జరిగింది. మలేరియా మందు ఆర్టెమిసినిన్ చూడండి. ఈస్ట్‌లో దాని ముడిపదార్థం ఆర్టెమిసినిక్ ఆమ్లం లీటరుకు 25 గ్రాములు తీశారు, 2013లో నేచర్‌లో వచ్చింది. మందుల సంస్థ సనోఫీ ఇటలీలోని గరెసియోలో పెద్ద ఎత్తున తయారీ మొదలుపెట్టింది. లాభం లేకుండా అమ్మినా కిలో 350-400 డాలర్లు పడింది. ఈలోగా మొక్క నుంచి తీసిన సరుకు 250 కంటే కిందికి వచ్చేసింది. 2016లో ఆ ప్లాంటును హువెఫార్మా అనే ఇంకో మందుల సంస్థకు అమ్మేశారు. అక్కడ శాస్త్రం తప్పలేదు, దిగుబడి కూడా బ్రహ్మాండం. మొక్క ధర నిలబడి ఉంటుందన్న ఊహ తప్పింది.

అందుకని ముందు అడగాల్సింది "ఈస్టా, నాచా" అని కాదు. "ఏ అణువు" అని.

జన్యుకత్తెర

అణువు సంగతికి ముందు కణంలో ఈ తయారీ దారి ఎలా నడుస్తుందో కొంచెం చెప్తాను. ఎక్కడ ఇరుక్కుంటుందో తెలిస్తే ప్రెజెంటేషన్‌లో ఏ అంకె అడగాలో తెలుస్తుంది.

రెండు పాయలు కలవాలి. ఒక పాయలో ఆరు కార్బన్ల హెక్సనాయిల్-కోఏకు మూడు మాలొనైల్-కోఏలు చేరి ఆలివెటాలిక్ ఆమ్లం అవుతుంది. రెండో పాయ మెవలొనేట్ దారి (ఈస్ట్ తన స్టెరాల్‌ల కోసం వాడుకునేది), అందులో పది కార్బన్ల జీపీపీ అనే అణువు వస్తుంది. ఈ రెంటినీ ప్రినైల్‌ట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైమ్ కలిపితే సీబీజీఏ, అంటే సీబీజీ ఆమ్లరూపం. అక్కడి నుంచి ఒక్క ఎంజైమ్ దూరంలో సీబీడీఏ, అంటే సీబీడీ ఆమ్లరూపం. వేడిచేస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి సీబీడీ. ఈస్ట్‌లో ఈ మొత్తం దారిని మొదట చూపించింది బర్కిలీలో కీస్లింగ్ బృందం, 2019లో. అప్పటి అంకెలు గుర్తుపెట్టుకోండి: టీహెచ్‌సీఏ (మత్తిచ్చే టీహెచ్‌సీ ఆమ్లరూపం) లీటరుకు 8 మిల్లీగ్రాములు, సీబీడీఏ లీటరుకు 4.8 మైక్రోగ్రాములు. మిల్లీ కాదు, మైక్రో.

ఇక ఇరుకులు.

ఆలివెటాలిక్ ఆమ్లం దగ్గర రెండు ఎంజైమ్‌లు జోడుగా పనిచేయాలి. మొదటిది కట్టిన గొలుసును రెండోది, అంటే సైక్లేజ్, వెంటనే అందుకుని సరైన చోట మడవాలి. అందుకోవడం ఆలస్యమైతే గొలుసు తనంతట తానే ముడుచుకుని ఆలివెటాల్‌గానో, పనికిరాని లాక్టోన్‌లుగానో మారిపోతుంది. కణంలో సైక్లేజ్ తక్కువైతే చక్కెర ఖర్చవుతూనే ఉంటుంది, సరుకు మాత్రం చెత్తబుట్టలోకి పోతుంది.

జీపీపీ దగ్గర ఇంకో చిక్కు. ఈస్ట్‌కు జీపీపీ దారిలో తగిలే మజిలీ మాత్రమే. దానికి కావలసింది పదిహేను కార్బన్ల ఎఫ్‌పీపీ, దాంతో తన పొరలకు కావలసిన ఎర్గోస్టెరాల్ కట్టుకుంటుంది. రెంటినీ చేసేది ఒకటే ఎంజైమ్. దాన్ని జీపీపీ దగ్గరే ఆగేలా మార్చాలి, పూర్తిగా ఆపితే కణం బతకదు.

అసలు గండం చివరి మెట్టు. సీబీజీఏను సీబీడీఏగా మార్చే సీబీడీఏ సింథేజ్ మొక్కలో ట్రైకోమ్ (పువ్వు మీది జిగురు నూగు) గ్రంథి బయటి అరలో పనిచేసే ప్రోటీన్. దానికి ఎఫ్‌ఏడీ అనే సహాయక అణువు అతుక్కోవాలి, డైసల్ఫైడ్ బంధం పడాలి, చక్కెర గొలుసులు తగలాలి. ఈస్ట్ దాన్ని స్రావ మార్గంలో (కణం ప్రోటీన్లను మడిచి బయటికి పంపే దారి) నడిపించి వాక్యూల్ అనే అరకు చేర్చాలి. చాలా భాగం మధ్యలోనే తప్పుగా మడతపడి ముక్కలైపోతుంది. సరిగ్గా మడతపడ్డదీ నిదానమే: సెకనుకు 0.19 అణువులు, అంటే ఒక్క అణువుకు ఐదు సెకన్లు. పైగా ప్రతి సీబీడీఏ అణువుకూ ఒక హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది.

అందుకే సీబీడీ అమ్ముతామన్న సంస్థల్లో చాలావరకు చివరికి సీబీజీతో బజారుకొచ్చాయి. సీబీజీకి ఈ చివరి మెట్టు అక్కర్లేదు. గింక్గో-క్రోనోస్ జోడీ మొదట అందుకున్న మైలురాయి సీబీజీఏనే, 2021లో. ఈస్ట్ సంస్థలు అమిరిస్, విల్లో కూడా సీబీజీతోనే వచ్చాయి.

లెక్కలపుస్తకం

> సీబీడీఏ లీటరుకు 4.8 మైక్రోగ్రాములు

అంటే వీళ్లు చెప్పే "రెండంకెల గ్రాములు" దానికి పది లక్షల రెట్లకు పైన. అది సాధ్యమేనా? చక్కెర నుంచి అసలు ఎంత రావచ్చన్నదానికి పైకప్పు ఉంటుంది కదా?

జన్యుకత్తెర

పైకప్పు ఉంది. చేతి లెక్కే.

ఒక సీబీజీఏకు 12 ఎసిటైల్-కోఏలు కావాలి. జీపీపీకి 6, హెక్సనాయిల్‌కు 3, మూడు మాలొనైల్‌లకు 3. ఒక గ్లూకోజ్ నుంచి రెండు ఎసిటైల్-కోఏలు. అంటే ఆరు గ్లూకోజ్‌లు. 1,081 గ్రాముల చక్కెరకు 360 గ్రాముల సీబీజీఏ, అంటే 33 శాతం. డీకార్బాక్సిలేషన్ (వేడిచేసి కార్బన్ డయాక్సైడ్ పోగొట్టడం) తర్వాత సీబీజీ లెక్కన 29 శాతం.

ఇది కాగితం మీది గరిష్ఠం మాత్రమే. ఇందులో కణం బతకడానికి తినేది లేదు, శక్తి ఖర్చు లేదు. బేకర్స్ ఈస్ట్ సైటోసాల్‌లో ఒక్కో ఎసిటైల్-కోఏ తయారీకి రెండు ఏటీపీలకు (కణానికి శక్తి నాణేల్లాంటివి) సమానమైన ఖర్చు పెడుతుంది. 12కి 24. ఆరు గ్లూకోజ్‌ల గ్లైకాలిసిస్ నుంచి వచ్చేది 12. ఆపైన మెవలొనేట్ దారికి 6, మాలొనైల్‌లకు 3. మిగతా శక్తి కోసం ఇంకొంత చక్కెరను కాల్చాల్సిందే. కాబట్టి 33 శాతాన్ని ఎవరూ చూడరు.

రెండంకెల గ్రాములు ప్రకృతి సూత్రాలకు విరుద్ధం కాదు. అదే మెవలొనేట్ దారితో ఫార్నెసీన్‌ను లీటరుకు 130 గ్రాములకు పైగా, రెండు లక్షల లీటర్ల రియాక్టర్లలో తీసినట్టు అమిరిస్ బృందం 2016లో ప్రచురించింది. అయితే ఫార్నెసీన్ శుద్ధ టెర్పీన్. దానికదే తేలి పైకొస్తుంది, కణానికి పెద్దగా హాని చేయదు. సీబీజీఏ ఆమ్లం, పొరల్లో ఇరుక్కుంటుంది. ఆ అనుభవాన్ని ఇక్కడికి నేరుగా మోసుకురాలేం.

బుడగలపీపా

దిగుబడికి, ధరకు ఉన్న సంబంధం ఈ లెక్కలో చూడండి. ఇవి నా ఊహలు, మీ అంకెలు పెట్టుకుని మళ్లీ వేసుకోండి. లక్ష లీటర్ల ఫెర్మెంటర్, పని చేసే పరిమాణం 80 వేల లీటర్లు. అద్దె, కరెంటు, ఈస్ట్‌కు పోసే పోషక ద్రవం, మనుషులు, శుద్ధి అన్నీ కలిపి ఒక బ్యాచ్‌కు లక్షన్నర డాలర్లు అనుకుందాం. పులిసిన ద్రవం నుంచి చివరి పొడి దాకా దక్కేది 70 శాతం. సీబీజీఏ నుంచి సీబీజీ అయ్యేటప్పుడు బరువు 0.878 వంతు అవుతుంది.

లీటరుకు 1 గ్రాము: బ్యాచ్‌కు 49 కిలోలు, కిలో సుమారు 3,050 డాలర్లు.
లీటరుకు 5 గ్రాములు: 246 కిలోలు, కిలో 610.
లీటరుకు 10 గ్రాములు: 492 కిలోలు, కిలో 305.
లీటరుకు 30 గ్రాములు: 1,475 కిలోలు, కిలో 102.

చక్కెర ఇందులో ఎంత? పది గ్రాముల దగ్గర చక్కెర మీద దిగుబడి 5 శాతం అనుకుంటే బ్యాచ్‌కు 16 టన్నులు. కిలో అర డాలరు వేసుకున్నా ఎనిమిది వేల డాలర్లు. కిలో సీబీజీ మీద 16 డాలర్లే. కాబట్టి నాచు వస్తే చక్కెర ఖర్చు పోతుందన్న మీ మూడో మాటలో పోయేది ఆ 16 డాలర్లు. మిగతా 289 అలాగే ఉంటాయి.

డబ్బంతా పోయేది రోజుల లెక్కన. ఒక బ్యాచ్ ఆరేడు రోజులు నడుస్తుంది, ఆ రోజులన్నీ ట్యాంకు అద్దె. దిగుబడితో పాటు గంటకు లీటరుకు ఎంత వస్తోందో కూడా అడగండి. పది రోజులకు పది గ్రాములకూ, ఐదు రోజులకు పది గ్రాములకూ మధ్య అద్దె తేడా సగానికి సగం.

ఇంకొకటి, చల్లదనం. గ్లూకోజ్‌ను బొట్టుబొట్టుగా ఇస్తూ ఆక్సిజన్ వాడకం గంటకు లీటరుకు 150 మిల్లీమోల్‌లు నడిపామనుకోండి. 80 వేల లీటర్లకు గంటకు 12,000 మోల్‌లు. ఒక్కో మోల్‌కు దాదాపు 460 కిలోజౌళ్ల వేడి. అంటే దగ్గరదగ్గర 1.5 మెగావాట్లు, ఇరవై నాలుగు గంటలూ తోడి బయటపోయాలి, 30 డిగ్రీలు దాటకుండా. రెండు లీటర్ల గాజు పాత్రలో ఇది కనిపించదు. అక్కడ వచ్చిన దిగుబడి పెద్ద ట్యాంకులో పడిపోవడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి: చల్లార్చలేక చక్కెర తగ్గిస్తారు, చక్కెర తగ్గితే సరుకు తగ్గుతుంది. చల్లార్చలేమని తెలిసీ చక్కెర తగ్గించకపోతే ట్యాంకు వేడెక్కుతుంది; చక్కెర మరీ ఎక్కువై ఆక్సిజన్ చాలకపోతే ఈస్ట్ ఆల్కహాల్ వైపు మళ్లుతుంది, అది ఇంకా నష్టం.

జన్యుకత్తెర

హెక్సనాయిక్ ఆమ్లం గురించి కూడా అడగాలి. కొన్ని స్ట్రెయిన్లు (ఈస్ట్ రకాలు) హెక్సనాయిల్-కోఏను చక్కెర నుంచే కట్టుకుంటాయి, కొన్నిటికి బయటి నుంచి హెక్సనాయిక్ ఆమ్లం పోయాలి. పోస్తే దారి చిన్నదవుతుంది, నిజమే. కానీ ఒక గ్రాము సీబీజీఏకు కనీసం 0.32 గ్రాముల ఆమ్లం కావాలి. పది గ్రాముల దిగుబడికి లీటరుకు 3.2 గ్రాములు, అంటే 28 మిల్లీమోలార్. ఒకేసారి పోస్తే ఈస్ట్ పెరగడం మానేస్తుంది. కొద్దికొద్దిగా, ఎంత వాడుతోందో చూసుకుంటూ ఇవ్వాలి.

పీహెచ్ ఇక్కడ ఇరకాటంలో పెడుతుంది. పీహెచ్ 5 దగ్గర ఈ ఆమ్లంలో సుమారు 43 శాతం విడిపోని రూపంలో ఉండి పొర దాటి లోపలికి దూసుకుపోతుంది. 6 దగ్గర అది 7 శాతానికి పడిపోతుంది, ఈస్ట్‌కు హాయి. కానీ 6 దగ్గర బాక్టీరియాకు కూడా హాయే. పెద్ద ట్యాంకులో ఈస్ట్‌ను 5 దగ్గర నడపడానికి ఉన్న కారణమే కలుషితం కాకుండా ఉండటం. దేన్ని వదులుకుంటారో వాళ్లే చెప్పాలి. (వాసన సంగతి చెప్పను. దీని పాత పేరు కాప్రోయిక్ ఆమ్లం, లాటిన్‌లో మేక అన్న మాట నుంచి వచ్చింది. అర్థమై ఉంటుంది.)

బేకర్స్ ఈస్ట్ బదులు యారోవియా అనే ఈస్ట్ వాడతామంటే ఇంకో ప్రశ్న. నూనెలు పోగుచేసే ఈస్ట్ కాబట్టి ఎసిటైల్-కోఏ దండిగా ఉంటుంది, అది దాని బలం. బలహీనత కూడా అక్కడే: పోసిన హెక్సనాయిక్ ఆమ్లాన్ని బీటా-ఆక్సిడేషన్‌తో (కొవ్వు ఆమ్లాలను ముక్కలు చేసే దారి) తినేస్తుంది. ఆ దారి మూసేశారా అని అడగండి.

తూకంరాయి

పులిసిన ద్రవం నుంచి సరుకును వేరుచేసి శుద్ధిచేసే పని గురించి ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి నేను చెప్తాను. 70 శాతం దక్కుతుందని బుడగలపీపా గారు ఉదారంగా వేశారు.

సీబీజీఏ నీళ్లలో ఉండదు. కణం పొరల్లో, నురగలో, ట్యాంకు గోడల మీద, సిలికాన్ గొట్టాల్లో ఉంటుంది. నమూనా తీసి ద్రవాన్ని మాత్రమే కొలిస్తే సగం కనిపించదు, కాబట్టి కణాలతో సహా సాల్వెంట్‌లో కలిపి కొలవాలి. దాన్ని బయటికి లాగడానికి చాలామంది పైన ఒక నూనె పొర పోస్తారు: ఐసోప్రొపైల్ మిరిస్టేట్, డోడెకేన్, లేదా వంటనూనె. సరుకు అందులోకి చేరుతుంది, కణానికీ ఊపిరాడుతుంది. ప్రయోగశాలలో చక్కగా ఉంటుంది. పెద్ద ట్యాంకులో గంటల తరబడి గట్టిగా కలిపేసరికి నూనె, నీళ్లు, చచ్చిన కణాల ప్రోటీన్ కలిసి మజ్జిగలా తెల్లగా తయారవుతుంది. సెంట్రిఫ్యూజ్‌లో వేస్తే మూడు పొరలు: పైన కాస్త తేట నూనె, కింద నీళ్లు, మధ్యలో చిక్కటి మీగడ. ఆ మీగడలో ఎంత సరుకుందన్నదే మీ 70 శాతాన్ని 50 చేసేది.

దాన్ని విడగొట్టడానికి 60-70 డిగ్రీలకు వేడి, పీహెచ్ మార్పు, ఉప్పు, అవసరమైతే ఎంజైమ్. ప్రతి ఒక్కటీ ఇంకో ట్యాంకు, ఇంకో రోజు. యారోవియాతో వంటనూనె పొర అసలు వాడకూడదు. దాని లైపేజ్‌లు నూనెను కొవ్వు ఆమ్లాలుగా విడగొడతాయి, ఆ ఆమ్లాలు సబ్బులా పనిచేసి ఎమల్షన్‌ను ఇంకా గట్టిచేస్తాయి.

తర్వాత డీకార్బాక్సిలేషన్, వాక్యూమ్‌లో స్వేదనం. ఏ నూనె ఎంచుకున్నారో ఇక్కడ తేలుతుంది. మిరిస్టేట్ తేలిక, ముందే వెళ్లిపోతుంది. వంటనూనె అడుగునే మిగిలి సరుకు ముందు వెళ్తుంది. స్క్వాలీన్, ఎర్గోస్టెరాల్ ఎంతో కొంత వెంట వస్తాయి. చివర స్ఫటికీకరణ. సీబీడీ, సీబీజీ రెండూ స్ఫటికాలు కడతాయి, అది పెద్ద అదృష్టం: సీబీడీ 66 డిగ్రీల దగ్గర కరిగే చక్కటి ఘనం. సీబీసీ లాంటి ఇంకో కన్నబినాయిడ్ జిడ్డుగానే మిగులుతుంది. దాన్ని క్రోమటోగ్రఫీతోనే తేల్చాలి, ఆ ఖర్చు వేరే లెక్క.

నీటిపచ్చ

నాచును మరీ తేలిగ్గా తీసేస్తున్నారు. దాని వైపు వాదన కూడా వినండి.

మొక్కలో జీపీపీ తయారయ్యేదీ, ప్రినైల్‌ట్రాన్స్‌ఫరేజ్ పనిచేసేదీ ప్లాస్టిడ్‌లోనే (క్లోరోప్లాస్ట్ లాంటి అర). నాచుకు క్లోరోప్లాస్ట్ ఉంది, అందులో మెవలొనేట్‌కు బదులుండే ఎంఈపీ దారి జీపీపీని పుట్టిస్తూనే ఉంటుంది. ఈస్ట్‌లో ఆ ఎంజైమ్‌కు ప్లాస్టిడ్ చిరునామా చెప్పే తోకను కత్తిరించి పరాయి పొరలో కూర్చోబెట్టాలి. నాచులో దానికి సొంత ఇల్లుంది. క్లామిడోమోనాస్, ఫియోడాక్టిలమ్ అనే నాచు రకాలు రెండింటి మీదా పని జరుగుతోంది. కార్బన్ డయాక్సైడ్, వెలుతురుతో నడిచే ఏకకణ జీవి ఇది. పర్యావరణ లెక్కలో దీనికి మార్కులు వేయరా?

బుడగలపీపా

వేస్తాను, కానీ చెరువు లెక్క కూడా వేస్తాను. నాచు చెరువు బాగా నడిస్తే చదరపు మీటరుకు రోజుకు 20 గ్రాముల పొడి బరువు. ఏడాదికి 300 రోజులు నడిస్తే హెక్టారుకు 60 టన్నులు. అందులో కన్నబినాయిడ్ 0.1 శాతం ఉందనుకుందాం, ఇప్పుడున్న స్థితికి ఇది చాలా ఆశావహమైన అంకె. హెక్టారుకు 60 కిలోలు. హెంప్ పొలంలో హెక్టారుకు ఒక టన్ను ఎండు పువ్వు, అందులో 10 శాతం సీబీడీ అనుకుంటే 100 కిలోలు. జన్యుమార్పిడి, చెరువు గట్లు, పంపులు, కార్బన్ డయాక్సైడ్ సరఫరా, ఇంతా చేసి పొలం కంటే తక్కువ.

ఆపై కోత. చెరువులో లీటరుకు అర గ్రాము నాచు ఉంటే ఒక కిలో పొడి నాచుకు రెండు వేల లీటర్ల నీళ్లు వడగట్టాలి. 0.1 శాతం లెక్కన కిలో సరుకుకు ఇరవై లక్షల లీటర్లు.

నీటిపచ్చ

తెరిచిన చెరువులో జన్యుమార్పిడి నాచుకు అనుమతి రావడమే కష్టం కాబట్టి ఆ పోలిక నేనూ వేయను. మూసిన ఫోటోబయోరియాక్టర్ అంటే పెట్టుబడి ఇంకా పెరుగుతుంది, అది ఒప్పుకుంటాను. చీకట్లో చక్కెర మీద పెరిగే నాచు కూడా ఉంది కదా?

జన్యుకత్తెర

ఉంది. కానీ చీకట్లో, స్టీలు ట్యాంకులో, చక్కెర పోసి పెంచితే అది ఈస్ట్ పనే, ఈస్ట్‌కున్న జన్యు పనిముట్లు లేకుండా. ఆ దారిలో అందరికంటే ముందు వెళ్లిన సోలాజైమ్ తర్వాత టెర్రావియా అని పేరు మార్చుకుని 2017లో దివాలా తీసింది. నాచు నూనెలకు అప్పట్లో వాళ్ల దగ్గరున్నంత అనుభవం ఇంకెవరికీ లేదు.

క్లోరోప్లాస్ట్ వాదన మాత్రం అందంగా ఉంది, కాదనను. ప్రినైలేషన్ దాకా అది నిజమే. చివరి సింథేజ్‌కు కావలసిన గ్లైకోసైలేషన్ (చక్కెర గొలుసులు తగిలించడం) క్లోరోప్లాస్ట్‌లో జరగదు. కాబట్టి ఆ మెట్టు కోసం మళ్లీ స్రావ మార్గానికే పోవాలి, సరుకును ఒక అర నుంచి ఇంకో అరకు మోయాలి. పైగా క్లామిడోమోనాస్‌లో కేంద్రకంలో పెట్టిన జన్యువులు నిశ్శబ్దమైపోతుంటాయి. ఇవాళ ఇచ్చిన దిగుబడి కొన్ని వారాల తర్వాత ఉంటుందన్న భరోసా లేదు. అక్కడున్న జీపీపీ కూడా ఖాళీగా కూర్చోలేదు, కెరొటినాయిడ్లకూ క్లోరోఫిల్ తోకకూ పోతోంది. లాక్కుంటే కణం పచ్చదనం పోతుంది.

లెక్కలపుస్తకం

నాచు పేజీని పక్కన పెడుతున్నాను. సీబీడీ మొక్కకే వదిలేయాలంటే, సీబీజీకైనా దారుందా? వీళ్లు స్ట్రెయిన్‌ను సీబీజీకి మార్చుకోవచ్చు కదా.

తూకంరాయి

మార్చుకోవచ్చు. అయితే మొక్క కూడా మారింది. చివరి సింథేజ్ పనిచేయని హెంప్ రకాలు ఉన్నాయి. సీబీజీఏను ముందుకు నడిపే ఎంజైమ్ లేదు కాబట్టి అది పువ్వులోనే పోగవుతుంది. ఒకప్పుడు పువ్వులో ఒక శాతం లోపు ఉండే పదార్థం ఇప్పుడు ప్రధాన పంట. ఈస్ట్‌కు సీబీజీ సులువు కావడానికి ఏది కారణమో మొక్కకు సులువు కావడానికీ అదే కారణం: ఒక మెట్టు తక్కువ.

ఈస్ట్ సీబీజీకి మిగిలే మేలు శుద్ధత. పురుగుమందు అవశేషాలు లేవు, నేల నుంచి వచ్చే భారలోహాలు లేవు, టీహెచ్‌సీ జాడ కూడా లేదు. సౌందర్య సాధనాల తయారీదారులు దీనికి కొంత అదనపు ధర ఇస్తారు. వాళ్ల ప్రెజెంటేషన్‌లో సీబీడీకి కూడా "టీహెచ్‌సీ సున్నా" అని రాసి ఉంటే ఎర్ర గీత పెట్టండి. సీబీడీఏ సింథేజ్ ఎంత శుద్ధంగా పెట్టినా కొద్ది పాళ్లలో టీహెచ్‌సీఏ కూడా తయారుచేస్తుంది. అది ఆ ఎంజైమ్ స్వభావం. మొక్కలోనైనా ఈస్ట్‌లోనైనా అంతే.

చట్టంచూపు

ధర ఒక్కటే కాదు, అమ్మడానికి వీలుందా అన్నది కూడా చూడాలి. యూరప్‌లో సీబీడీ నావెల్ ఫుడ్ (ముందస్తు అనుమతి కావలసిన కొత్త ఆహారం) కిందికి వస్తుంది, భద్రత సమాచారంలో ఖాళీలున్నాయని యూరప్ ఆహార భద్రత సంస్థ ఈఎఫ్‌ఎస్‌ఏ 2022 జూన్‌లో మదింపులు ఆపింది. అమెరికాలో ఇప్పుడున్న ఆహార నియమాలు సీబీడీకి సరిపోవని అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023 జనవరిలో ప్రకటించింది. అమెరికా 2025 నవంబరు చట్టం ఇంకా ముఖ్యం. మొక్క సహజంగా చేయగలిగినదే అయినా, మొక్క బయట తయారుచేసిన కన్నబినాయిడ్ ఉన్న సరుకును అది హెంప్ నిర్వచనం నుంచి తప్పించింది, ఏడాది తర్వాత అమలు. అంటే "ఇది హెంప్‌తో సమానమే" అని ఈస్ట్ సరుకును ఆ గొడుగు కింద అమ్మే ఆలోచన పోయింది. సంస్థ పత్రాల తేదీ చూడండి. ఆ నవంబరుకు ముందువైతే మార్కెట్ పేజీ మళ్లీ రాయమనాలి.

మందు దారి వేరు, అక్కడ ధర వత్తిడి తక్కువ. కానీ 2018లో అనుమతి పొందిన మూర్ఛ మందు ఎపిడియోలెక్స్‌లోని సీబీడీ మొక్క నుంచి తీసిందే. దాని జోలికి పోవాలంటే ధర కాదు, క్లినికల్ సమాచారం కావాలి.

జన్యుకత్తెర

మరైతే ఏ అణువు? నా మటుకు వేరిన్‌లు. టీహెచ్‌సీవీ, సీబీడీవీ, సీబీజీవీ. తోకలో ఐదు కార్బన్ల బదులు మూడు. మొక్కలో ఇవి మామూలు రకాల్లో చాలా తక్కువ. ఈస్ట్‌కు మాత్రం మొదటి ఇటుక మారిస్తే చాలు: హెక్సనాయిల్ స్థానంలో బ్యుటిరైల్. అదే కార్ఖానా, వేరే ముడిసరుకు. మొక్కలో ఇదే మార్పుకు ఏళ్ల తరబడి సంకరం చేయాలి. సీబీజీవీ అయితే చివరి సింథేజ్ గొడవ కూడా లేదు. బజారు చిన్నదే, కానీ ఆ చిన్న బజారులో మొక్క ధర ఇంకా కుప్పకూలలేదు.

బుడగలపీపా

ఒప్పుకుంటాను, ఒక్క సవరణతో. చిన్న బజారంటే ఏడాదికి రెండు మూడు బ్యాచ్‌లతో తీరిపోయే గిరాకీ. దాని కోసం సొంత ప్లాంటు కడితే తరుగుదలే తినేస్తుంది. అద్దె ట్యాంకులు తీసుకునే సంస్థ అయితేనే ముందుకు వెళ్లండి. అమిరిస్ లాంటి సంస్థ కూడా 2023 ఆగస్టులో దివాలా రక్షణ కోరింది. దానికి సవాలక్ష కారణాలున్నాయి గానీ, గొప్ప ఈస్ట్ చేతిలో ఉంటే వ్యాపారం దానంతట అదే నిలబడుతుందని చెప్పడానికి ఇక వీల్లేదు.

కణం లేకుండా ఎంజైమ్‌లతోనే చేసే దారిని కూడా కొందరు చూపిస్తారు. యూసీఎల్‌ఏ బృందం 2019లో అలా లీటరుకు గ్రాముకు పైగా సీబీజీఏ తీసింది. విషప్రభావం గొడవ ఉండదు, కానీ ఎంజైమ్‌ల తయారీ ఖర్చు, కోఫాక్టర్ల (ఎంజైమ్‌లకు తోడు కావలసిన అణువులు) ఖర్చు నెత్తిన పడతాయి. మన ప్రశ్నకు అది పక్కదారి.

లెక్కలపుస్తకం

స్ట్రెయిన్ స్థిరత్వం గురించి వాళ్ల దగ్గర ఒక్క ముక్క లేదు. అడగాల్సిందేనా?

జన్యుకత్తెర

అడగాల్సిందే. ఒక మిల్లీలీటరు సీసా నుంచి 80 వేల లీటర్ల నిండు ట్యాంకు దాకా వెళ్లేసరికి ఈస్ట్ దాదాపు ముప్పై తరాలు విభజన చెందుతుంది. సరుకు చేయడం కణానికి భారం. ఆ జన్యువును పోగొట్టుకున్న కణం మిగతావాటికంటే పది శాతమే ఎక్కువ వేగంగా పెరిగినా, మొదట్లో ఒక శాతం ఉన్న సోమరులు చివరికి ఎనిమిది శాతం దాకా చేరతారు. ఈలోగా కొత్తగా పుట్టే సోమరులు అదనం. అందుకే జన్యువులు ప్లాస్మిడ్ (సులువుగా జారిపోయే విడి డీఎన్ఏ వలయం) మీద కాక క్రోమోజోమ్‌లో ఉండాలి, పెరిగే దశలో తయారీ ఆపి ఉంచే స్విచ్ ఉండాలి. 2019 నాటి స్ట్రెయిన్లకు గాలక్టోజ్ కావాల్సి వచ్చేది, అది పరిశోధనకు సరిపోతుంది గానీ టన్నుల్లో కొనే చక్కెర కాదు. వీళ్ల స్విచ్ దేనితో పనిచేస్తుందో అడగండి. ముప్పై తరాలు నడిపిన తర్వాత దిగుబడి ఎంత తగ్గిందో చూపించే పట్టిక అడగండి. లేదంటే అర్థం, ఇంకా గాజు పాత్ర దగ్గరే ఉన్నారని.

తూకంరాయి

"రెండంకెల గ్రాములు" అన్న మాట దగ్గర నాకింకా అనుమానమే. లీటరుకు అంటే దేని లీటరుకు? కొందరు నూనె పొరలో కొలిచిన గాఢతను అలాగే రాస్తారు. నూనె పొర ట్యాంకులో పదో వంతు ఉంటే, అందులో లీటరుకు 15 గ్రాములంటే మొత్తం ద్రవం లెక్కన 1.5 గ్రాములు. బుడగలపీపా గారి పట్టికలో కిలో రెండు వేల డాలర్ల చోట పడుతుంది.

లెక్కలపుస్తకం

ఇప్పుడే ఆ పేజీ మళ్లీ తెరిచి చూశాను. గ్రాఫ్ కింద చిన్న అక్షరాల్లో ఉంది: "ఆర్గానిక్ ఫేజ్". నూనె ఎంత పోశారో ఎక్కడా లేదు.

తూకంరాయి

అయితే ముందు ఆ పరిమాణం అడగండి. దానితోపాటు ఒక బ్యాచ్‌లో చివరికి తూచిన పొడి ఎన్ని గ్రాములు, ట్యాంకులో ఎన్ని లీటర్లు, ఈ రెండంకెలు రాతపూర్వకంగా పంపమనండి. మిగతా ప్రశ్నలు అవి వచ్చాక.